థార్ ఎనకాల ఇల్లు: మీ ప్రశ్నలు, మా షెడ్డు జవాబులు

పోయిన సంచికలో మేం నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేయించుకున్న క్యాంపింగ్ ట్రైలర్ ఫోటో వేశారు. ఏడడుగుల పొడుగు, అయిదడుగుల వెడల్పు పెట్టె, పైన మడిచి పెట్టే టెంటు, ఎనకాల లాగితే బయటికొచ్చే వంటగది, అంతే, అంతకుమించి ఏం లేదు. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని నేను అనుకోలా. అన్నిటికీ రాయాలంటే పత్రిక మొత్తం నాకే ఇవ్వాల, అందుకని ఎక్కువమంది అడిగినవి ఏరి రాస్తా ఉండా.

కావలి నుంచి ఒక తమ్ముడు: అన్నా, నాకు థార్ జీపు ఉండాది. మా ఊళ్ళో ట్రాక్టర్ ట్రక్కులు చేసే మేస్త్రీ ఒకాయన "సీ చానల్ (సీ అక్షరం ఆకారంలో ఉండే మందపాటి ఇనప దూలం) వేసి చేస్తా, ఏనుగెక్కినా వంగదు" అంటా ఉండాడు. చేయించేయమంటారా?

చేయించే ముందు కింద ఆర్టీఓ జవాబు కూడా చదవండి. ఏనుగు ఎక్కదు గదా తమ్ముడూ. ఎక్కేది మీరు, మీ ఆవిడ, ఇద్దరు పిల్లోళ్ళు, నాలుగు దుప్పట్లు. మన మేస్త్రీలకి గట్టిగా చేయడం పుట్టుకతో వచ్చిన విద్య, వడ్ల మూటలు, ఇసక, రాయి మోసే బండ్లు చేసి చేసి చెయ్యి అట్టా తిరిగిపోయింది. తేలిగ్గా చేయమంటే మాత్రం వాళ్ళకి నామోషీ. "ఇది ఒక బండేనా సార్" అంటారు. నా ట్రైలర్ పనిలో సగం టైము ఈ వాదులాటకే సరిపోయింది.

లెక్క చూడండి. నాలుగంగుళాల సీ చానల్ మీటరుకి 9 కేజీల పైమాటే. అదే 50 బై 50 చదరం ట్యూబు, 3 ఎంఎం మందం, మీటరుకి 4 కేజీల చిల్లర. కింద ఫ్రేముకి ఒక పదిహేను మీటర్లు పడతాదనుకోండి, ఆడికే 70 కేజీల తేడా వచ్చేసింది. తర్వాత ఆయన నేలకి 3 ఎంఎం ఇనప రేకు పరుస్తానంటాడు, నాలుగడుగుల బై ఎనిమిదడుగుల షీటు ఒక్కటే 70 కేజీలు తూగుతాది. 2 ఎంఎం అల్యూమినియం రేకయితే అదే షీటు 16 కేజీలు. అట్టా అట్టా పోతే టెంటు ఎక్కించకముందే మీ పెట్టె అయిదారొందల కేజీలు అయి కూర్చుంటాది.

నేను పెట్టుకున్న హద్దు అన్నీ కలిపి 750 కేజీలు. ఎందుకా అంకె అంటే, మన దేశంలో ట్రైలర్లని బరువుని బట్టి టీ1, టీ2 అని తరగతులు చేశారు, టీ1 అంటే నిండు బరువు 750 కేజీల లోపు. అది దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకుండా రోడ్డెక్కాలన్న ఆలోచనే పెట్టుకోబాకండి. మీ బండి మాన్యువల్లో కూడా బ్రేకులున్న ట్రైలర్ ఎంత లాగొచ్చు, లేనిది ఎంత లాగొచ్చు అని విడివిడిగా ఉంటాది, మేస్త్రీ మాట కంటే ముందు అది చదవండి. ఖాళీ పెట్టె 400, నీళ్ళు 60, ఫ్రిజ్జు బ్యాటరీ కలిపి 40, పొయ్యి గ్యాసు గిన్నెలు 50, టెంటు 60, బట్టలు కుర్చీలు ఉప్పూ పప్పూ 100. మొత్తం 710. ఇంకా 40 కేజీలు మిగిలిందని సంబరపడబాకండి, మీ అత్తగారు ఇచ్చే ఆవకాయ జాడీలకి అది సరిపోతాది.

ఒక్కచోట మాత్రం కక్కుర్తి పడొద్దు, డ్రాబార్. అంటే పెట్టెకి, మీ బండికి మధ్య ఉండే ఆ పొడుగు చెయ్యి. భారం మొత్తం దాని మీదే. దానికి 100 బై 50 ట్యూబు, 4 ఎంఎం వేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు ఆ ట్యూబు పైనా కిందా అడ్డంగా టాకా వేయనీయబాకండి, పక్కల్లో నిలువుగా మాత్రమే వేయమనండి. ఎందుకంటే వంగేటప్పుడు బాగా సాగేది ఆ పైభాగం, కిందిభాగమే, అడ్డగీత ఉంటే పగులు ఆడనించే మొదలవతాది. మా వెల్డర్ ఈ మాట ఒక పట్టాన నమ్మలా, పాత ట్రక్కు ఒకటి షెడ్డు మూల పడుంటే దాని డ్రాబార్ కాడికి తీసకపోయి చూపించా, పగులు సరిగ్గా వెల్డింగ్ గీత పక్కనే, వెంట్రుకంత సన్నంగా, తుప్పు నీళ్ళు కారతా ఉండాది. అప్పుడు ఊరుకున్నాడు.

ఇంకోటి, థార్ ఎనక తలుపు పక్కకి తెరుచుకుంటాది, పైగా స్టెప్నీ దానికే ఉంటాది. డ్రాబార్ పొట్టిగా పెడితే ట్రైలర్ ముందు నిలబడే జాకీకి ఆ తలుపు తగిలి సగమే తెరుచుకుంటాది. తలుపు పూర్తిగా తెరిచి కొలత తీసుకున్నాకే డ్రాబార్ కోయించండి. పొడుగుంటే రివర్స్ కూడా రవంత సులువు.

కోవూరు: కమాన్ కట్టలు (చక్రాల కాడ కుదుపు ఆపే ఇనప పట్టీల కట్టలు) పాత మినీ లారీవి దొరికాయి, చవగ్గా. వేసుకోవచ్చా?

చవకే గానీ కోడిగుడ్లు మిగలవు. టన్నున్నర మోయడానికి చేసిన కట్టల మీద 700 కేజీలు పెడితే అవి వంగనే వంగవు, గుంత గుంతకీ పెట్టె ఎగిరెగిరి పడతాది. నేను మొదట అదే పని చేసి సోమశిల పోయొచ్చా, ముప్పై గుడ్ల ట్రేలో పదకొండు మిగిలాయి, ఫ్రిజ్జు గడియ ఊడిపోయింది, వంట డ్రాయర్ స్క్రూలు సగం కింద రాలిపడున్నాయి. తర్వాత కట్టలో రెండు పట్టీలు తీయించి, పక్కన షాక్ అబ్జార్బర్లు పెట్టించా, నిమ్మళించింది. డబ్బులుంటే రెండు చక్రాలకీ విడివిడిగా ఆడే సస్పెన్షన్ పెట్టించుకోండి, కింద అడ్డ యాక్సిల్ ఉండదు గాబట్టి రాళ్ళల్లో ఇంకాస్త ఎత్తు దొరుకుతాది. కమాన్ కట్టకి ఉన్న మంచిగుణం ఏందంటే, ఉదయగిరి కాడ విరిగినా వింజమూరు కాడ విరిగినా ఎవరో ఒక మెకానిక్ బాగుచేసి పంపిస్తాడు. నేను అందుకే దాన్నే పెట్టుకున్నా.

చక్రాలు మాత్రం మీ బండివి ఎట్టాంటివో అట్టాంటివే, అదే సైజు, అవే బోల్టు రంధ్రాలు. అప్పుడు ఒక స్టెప్నీ రెండిటికీ పనికొస్తాది.

పేరు రాయొద్దన్న నెల్లూరు పాఠకుడు: హైవే మీద 70 దాటితే నా ట్రైలర్ తోక ఆడిస్తా ఉండాది. టైర్ల లోపమా?

టైర్లని తిట్టబాకండి, సామాను యాడ పెట్టారో చూడండి. ఇది నా నెత్తిన పడిన అనుభవమే. వంటగది ఎనకాల ఉండాది గదా, చేతికి దగ్గరుంటాయని బ్యాటరీ, రెండు నీళ్ళ క్యాన్లు, గ్యాసు, అన్నీ ఎనకాలే సర్ది ఒంగోలు బయల్దేరాం. కావలి దాటాక ఒక ఫ్లైఓవర్ దిగతా ఉంటే 80లో ఉండా, ముందు రవంత ఊగింది, పక్కన లారీ దాటేసరికి ఆ గాలికి ఇంకాస్త, మూడోసారికి అద్దంలో ట్రైలర్ పక్కమొహం కనపడింది. చెమటలు పట్టాయి. అప్పుడు బ్రేకు గట్టిగా తొక్కితే అయిపోయినట్టే, ట్రైలర్ మనల్ని తోసేస్తాది. స్పీడు పెంచినా అంతే. ఎక్సలేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ నేరుగా పట్టుకుని, అదే నిదానించేదాకా ఆగాల. ట్రైలర్‌కి విడిగా బ్రేకుంటే అది మాత్రం మెల్లిగా వేయొచ్చు. మా ఆవిడ ఒంగోలు దాకా నాతో మాట్లాడలా.

ఒంగోల్లో ఒక బియ్యం కొట్టాయన్ని బతిమాలి కాటా తెచ్చి డ్రాబార్ కొన కింద చెక్క దిమ్మ పెట్టి తూచాం, ఇరవై కేజీలు కూడా లేదు. ఉండాల్సింది మొత్తం బరువులో పదోవంతు, అంటే 700 కేజీల ట్రైలర్‌కి ఇంచుమించు 70 కేజీలు ఆ కొన మీద పడాల. పదోవంతుకి బాగా తగ్గితే తోక ఆడుద్ది, పదిహేను శాతం దాటితే మీ బండి ఎనకభాగం కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. ఇంటికొచ్చాక నీళ్ళ ట్యాంకుని యాక్సిల్‌కి రవంత ముందుకి, నేలకి ఆనించి పెట్టించా, బ్యాటరీ ముందు పెట్టెలోకి మార్చా. ఇప్పుడు 65, 70 మధ్య ఉంటాది, తోక ఊసే లేదు.

తూచేటప్పుడు ట్రైలర్ సమతలంగా ఉండాల, దిమ్మ ఎత్తు మీ బండి హుక్కు ఎత్తుకి సమానంగా ఉండాల, నీళ్ళు నింపి ఒకతూరి, ఖాళీ చేసి ఒకతూరి తూచాల. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషనయినా చాలు. మొత్తం బరువుకి లారీలు తూచే కాటాకి పోండి. ఫ్రేము అయ్యాక, పెట్టె అయ్యాక, సామాను సర్దాక, మూడుసార్లు. కాటావాడు నవ్వుతాడు, నవ్వనీండి.

నెల్లూరు, ఒంగోలు, సింగరాయకొండ, ఇంకా చాలామంది: ఆర్టీఓ పట్టుకుంటే?

పట్టుకుంటారు, పట్టుకోవాల కూడా. ట్రైలర్ అంటే చట్టం లెక్కలో విడి వాహనం, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాల. 1988 మోటారు వాహనాల చట్టం 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్ నెంబరు ట్రైలర్ పక్కన, లాగే బండి నెంబరు ట్రైలర్ ఎనకాల కనపడాల. ఇంట్లో వెల్డింగ్ చేసుకున్న పెట్టెకి నెంబరు ఊరికే ఇవ్వరు, ఆ మోడల్ టెస్టింగ్ సంస్థలో పాసయి ఉండాల. అట్టాంటి సంస్థల్లో మనకి దగ్గరిది చెన్నై పక్కన ఒరగడంలో ఉండాది, పూణేలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ ఉండాయి. ఒక్క బండి కోసం ఆ ఖర్చు మనం భరించేది కాదు. కాబట్టి నేను చెప్పే దారి, అనుమతి ఉన్న తయారీదారు కాడ చాసిస్‌తో వచ్చే ట్రైలర్ కొనండి, ఫారం 21 (అమ్మకం పత్రం), ఫారం 22 (రోడ్డుకి పనికొస్తాదనే పత్రం) చేతిలో పెట్టించుకోండి, ఫారం 20 దరఖాస్తుతో రిజిస్టర్ చేయించండి, లోపల అరలు, వంటగది, కరెంటు పని మన షెడ్డులో చేసుకోండి, ఒప్పుకున్న బరువు దాటకుండా. ట్రాక్టర్ ట్రక్కుని థార్‌కి తగిలించి "రిజిస్ట్రేషన్ ఉండాది గదా" అంటే కుదరదు, అది సేద్యం పనికి రాయించింది, థార్ స్పీడుకి చేసింది కూడా కాదు.

మరి మేస్త్రీతో చేయించింది ఏం చేయాలంటారా, మీ మామిడితోటలో, మీ రొయ్యల గుంటల కాడ పెట్టుకోండి. రోడ్డెక్కి ఎవరికన్నా తగిలిస్తే ఇన్సూరెన్స్ వాళ్ళు కాయితం చూడగానే చేతులెత్తేస్తారు.

కందుకూరు నుంచి ఒక అమ్మ: మా వారికి, అబ్బాయికి ఈ పిచ్చి పట్టింది. వంట నేనే చేయాల, బాత్రూము సంగతి ఎవరూ మాట్లాడరు. ఆడోళ్ళకి ఏం కావాలో మీరన్నా రాయండి.

అమ్మా, ఈ ఉత్తరం ముందే వచ్చుంటే నా ట్రైలర్ ఇంకా బాగా కుదిరుండేది. ముందు పొయ్యి ఎత్తు. మేస్త్రీలు డ్రాయర్ యాడ కుదిరితే ఆడ పెట్టేస్తారు, అది మోకాళ్ళ కాడికో ఛాతీ కాడికో వస్తాది. మీ ఇంట్లో గట్టు ఎత్తు కొలిచి, అంటే 33, 34 అంగుళాలు ఉంటాది, పొయ్యి పెట్టే అర అదే ఎత్తుకి రావాలని మొండికేయండి. మా వంటగది తీరు చెప్తా, ఎనక తలుపు పైకి లేస్తే అదే నీడ, కింద బరువు మోసే, డ్రాయర్ జారే చానళ్ళ మీద రెండు డ్రాయర్లు, ఎడమది పొయ్యి, కుడిది ఫ్రిజ్జు. చానల్‌కి లాగినాక గడి పడేది తీసుకోండి, లేదంటే వాలు నేల మీద పులుసు గిన్నె పెట్టగానే డ్రాయర్ లోపలికి జారిపోతాది. మైపాడులో సాయంత్రం గాలికి మంట పక్కకి వాలిపోయి చేపల పులుసు గంటన్నర ఉడకలా, చింతపండు పులుపంతా ముక్కకి పట్టి రుచి బాగానే ఉండాదిలే గానీ, ఆకలికి పిల్లోళ్ళు ఏడ్చారు. ఆ తర్వాత పొయ్యికి మూడు పక్కలా మడిచే రేకు పెట్టించాం.

గ్యాసు జాగర్త. అయిదు కేజీల చిన్న సిలిండర్ చాలు, నిలబెట్టి కట్టేయాల, దాని పెట్టెకి అడుగున రంధ్రాలుండాల. ఎల్పీజీ గాలికంటే బరువు, కారితే కిందికే చేరతాది, పైన రంధ్రాలు పెట్టి లాభం లేదు. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపారో లేదో మీరే చూసుకోండి, మగాళ్ళ మాట నమ్మొద్దు.

బాత్రూముకి, సైకిల్ చక్రం మాదిరి మడిచే నిలువు టెంటు ఒకటి, సీటుకి కింద మూత పడే డబ్బా ఉన్న పోర్టబుల్ టాయిలెట్ ఒకటి. రెండూ కలిపి పది కేజీల లోపే. మీవారు "అదెందుకు, అడివి ఉండాది గదా" అంటే, బరువు తగ్గించాలంటే ఆయన కుర్చీ తీసేయమనండి. గుంత తవ్వాల్సొస్తే చెరువుకి, వాగుకి అరవై మీటర్లన్నా దూరంగా, జానెడు లోతు.

గూడూరు: ట్రైలర్‌లో ఏసీ పెట్టొచ్చా? మన ఎండలు తెలుసు గదా.

తెలుసు, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళే మనవి. అయినా వద్దు. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రంతా ఆడాలంటే తక్కువలో తక్కువ 5 యూనిట్లు కావాల. 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే ఒక యూనిట్టు పావు. అంటే నాలుగు బ్యాటరీలు, వాటిని మళ్ళీ నింపడానికి పైకప్పంతా పరిచినా చాలని సోలార్ పలకలు. అదే కరెంటు తక్కువ తాగే బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రంతా తిరిగితే పావు యూనిట్టు. నాకు ఒక్క బ్యాటరీ, 200 వాట్ల పలక, చిన్న ఫ్రిజ్జు, ఫ్యాను, రెండు లైట్లు, ఫోన్లు, సరిపోతా ఉండాది. పాత ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ ఊరికే పడుంది గదా అని ఎక్కించబాకండి, అది 50 కేజీల పైన తూగుతాది. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టండి. పైకప్పుకి తెల్లరంగు వేయండి. మేలో ఇంట్లో కూర్చోండి, సంక్రాంతి నించి శివరాత్రి దాకా తిరగండి.

చీమకుర్తి: దుమ్ము! ఎన్ని సందులు మూసినా గిన్నెల్లో దుమ్మే.

గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కన ఉండి మీరు అడిగారంటే అది దుమ్మే. బండి పోతా ఉంటే ఎనకాల గాలి పల్చబడి చుట్టుపక్కల దుమ్మంతా ఆడికే లాక్కొస్తాది, మన వంటగది తలుపు సరిగ్గా ఆడే. లోపల బోలుగా ఉండి నొక్కితే అణిగే రబ్బరు బీడింగ్ వేయండి, లారీ క్యాబిన్ల సామాను షాపులో దొరుకుతాది, తలుపు గడి దాన్ని సగానికి నొక్కేంత బిగుతుగా ఉండాల. దాంతోపాటు ముందువైపు పైన చిన్న గాలి రంధ్రం, ఫిల్టర్ పెట్టి, వదలండి. లోపల గాలి రవంత ఒత్తిడితో నిండుంటే బయట దుమ్ము లోపలికి రాదు. ఇది సందులు మూయడం కంటే బాగా పనిచేసింది.

ఒంగోలు: కొత్తపట్నం ఇసకలో ట్రైలర్‌తో దిగబడ్డాం. పడవలు లాగే ట్రాక్టర్ వచ్చి లాగింది. ఏం తప్పు చేశాం?

బండి టైర్లలో గాలి తగ్గించి ట్రైలర్ టైర్లు మర్చిపోయుంటారు, అందరూ చేసేది అదే. నాలుగూ కాదు, ఆరూ తగ్గించాల, 16, 18 పీఎస్ఐకి. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ నింపాల, కంప్రెసర్ మీ దగ్గరే ఉండాల. రెండోది, ట్రైలర్ చక్రాల మధ్య దూరం మీ బండి చక్రాల మధ్య దూరంతో సమానంగా ఉందా? ఉంటే అవి తొక్కిన దారిలోనే ఇవీ పోతాయి, ఇరుగ్గా ఉంటే కొత్త ఇసకని కోసుకుంటా పోవాల, రెట్టింపు లాగుడు. దిగబడితే ట్రైలర్‌ని విప్పేసి ముందు బండి గట్టి నేలకి తెచ్చుకోండి, తర్వాత పొడుగు తాడుతో దాన్ని లాగండి.

జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఆ నెలల్లో ఒడ్డు ఇసక మీద బండి నడపబాకండి, లైట్లు వేయబాకండి. తాటిచెట్ల అవతలే ఆపేసి నడిచిపోండి. అవి చట్టం కాపాడే ప్రాణులు, కేసవుద్ది అనేది తర్వాత సంగతి.

మార్కాపురం: నల్లమలలో రాత్రికి టెంటు వేసుకోవచ్చా?

పులుల అభయారణ్యం అది. అటవీశాఖ ఒప్పుకున్న చోట తప్ప వద్దు. భైరవకోన పోండి, గుహలు చూసి, అడివి బయట ఊరోళ్ళని అడిగి వాళ్ళ పొలంలో పెట్టుకోండి.

అల్లూరు: రొయ్యల గుంటల మీద పని మాది, ఉప్పు గాలి. పెయింటు వేస్తే చాలా, జింకు పూత పెట్టించాల్నా?

మీ ఏరియేటర్ల ఫ్రేములు ఎన్నాళ్ళు ఉంటా ఉండాయో మీరే నాకు చెప్పాల. జింకు ముంచుడు పూత మేలు, కానీ వెల్డింగ్ మొత్తం అయ్యాక, రంధ్రాలు కొట్టడం కూడా అయ్యాక. పూత పెట్టించాక మళ్ళీ వెల్డింగ్ చేస్తే ఆడ జింకు కాలిపోతాది, ఆ పొగ పీలిస్తే మేస్త్రీకి జొరం వస్తాది. ట్యూబుల అడుగున నీళ్ళు కారే రంధ్రాలుండాల, లేకపోతే లోపలనించి తినేస్తాది, బయటికి కొత్త పెళ్ళికూతురి మాదిరే కనపడతాది. అల్యూమినియం రేకుకి స్టీలు బోల్టు పెట్టే కాడ మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. సముద్రం నించి వచ్చిన రోజే మంచినీళ్ళతో అడుగు కడగండి. పెన్నలోనో ఏదన్నా వాగులోనో చక్రాలు మునిగినా బేరింగులు విప్పి గ్రీజు మార్చాల, ఎందుకంటే వేడిగా ఉన్న హబ్బు చల్లని నీళ్ళలో దిగితే నీళ్ళని లోపలికి పీల్చుకుంటాది. మేం ఒకతూరి "రేపు చూద్దాంలే" అనుకున్నాం, మూడో వారానికి కుడిచక్రం కుయ్యోమంది, విప్పితే గ్రీజు కాఫీరంగులో ఉండాది.